పూత మీద అంచనా

మాఘమాసంలో దామలచెరువు మామిడి తోటల్లో
చెంగల్రాయులు మామ తల పైకెత్తే నడుస్తాడు.
వెనకాల నేను, పొడుగు నోటు పుస్తకంతో.
చెట్టు చుట్టూ ఒక తిరుగుడు,
కొమ్మ కింద ఒక దగ్గు,
"రాయి పాపా, పదమూడు గంపలు."
ఎట్లా తెలిసిందని అడిగితే
మళ్ళీ దగ్గుతాడు.

అంచనా అంటే ఏమిటని నిఘంటువు తీశాను.
ఉజ్జాయింపు అనుంది.
ఉజ్జాయింపు దగ్గరికి పోతే అంచనా అనుంది.
రెండు మాటలూ ఒకదాన్నొకటి చూపించుకుని
తప్పించుకున్నాయి.

మామకు నిఘంటువు అక్కర్లేదు.
"కాయ కనపడినాక చెప్పేది లెక్క.
కనపడక ముందర చెప్పేది అంచనా.
చెట్టే చూడకుండా చెప్పేది జోస్యం,
దానికి తిరపతిలో వేరే మనుషులుండారు."

పంచాయతీ ఇంజనీరు అంచనాలో సిమెంటు ఎక్కువ,
పెళ్ళి వంటమేస్త్రీ అంచనాలో బియ్యం ఎక్కువ.
మామది ఎప్పుడూ తక్కువే.
నోరు దాటకముందే ఆ అంకెలోంచి
తేనెమంచు పురుగుకు ఇంత,
చైత్రంలో వచ్చే ఈదురుగాలికి ఇంత,
కోతులకు సరే,
పలమనేరు దిక్కు తోటలైతే
ఏనుగులకూ ఒక వాటా.
"వాళ్ళది తీసెయ్యకుంటే
అంకె అబద్ధమాడతాది."

ఒక ఏడు వడగళ్ళు పడినాయి.
నలభై టన్నులన్న తోటలో పదకొండు దిగినాయి.
తోట కొన్న మండీ ఖాదర్ బాషా వచ్చి
నులకమంచం మీద కూర్చుని, మజ్జిగ తాగి,
"నీ తప్పేం లేదులే రాయులూ" అని పోయినాడు.
ఆ రాత్రి మామ అన్నం తినలేదు.
తప్పుంటే దిద్దుకోవచ్చు గదా.

మొన్న తిరపతి పెద్దాసుపత్రిలో
చిన్న వయసు డాక్టరమ్మ
ఫిల్మును వెలుగుకు పట్టి చూసి
"మా అంచనా ప్రకారం" అని ఆగింది.
మామ ముందుకు వంగినాడు,
సాటి పనివాళ్ళ పని చూసే మాదిరి.
"పూత మీద చెప్తా ఉండావా తల్లీ,
పిందె మీదనా?"
ఆమెకు అర్థం కాలేదు.
నాకు అయింది. విడమరచలేదు.
"గాలికి తీసేసే చెప్తా ఉండావు గదా?"
ఆమె నా వైపు చూసింది.
నేను గోడ మీది క్యాలెండరు చూశాను.

బస్సు చంద్రగిరి దాటేదాకా మాట లేదు.
కిటికీ అవతల ఎవరిదో తోట,
ఆకు కనపడనంత పూత.
మామ పెదాలు కదిలినాయి.
పుస్తకం తీసి, పెన్సిలు మొన
నాలిక మీద తడిపి
కాచుకున్నాను.

"రాయొద్దులే పాపా.
ఊరకే చూస్తా ఉండా."