పద్మం వేసిన చోట

రెండో చరణం ముందర ఎవరో దగ్గుతారు.
సన్నగా, నోరు పక్కకి తిప్పుకుని.
మీరు విని ఉండకపోవచ్చు.
నేను మాత్రం ముప్పయ్యేళ్లుగా
ఆ దగ్గు కోసమే పాట వింటున్నాను.

గుంటూరు కొత్తపేటలో, ఎముకల డాక్టరు గారి మేడ మీద గది.
చప్పుడు బయటికి పోకుండా గోడలకి
యార్డు నుంచి తెచ్చిన గోతాలు కొట్టారు.
దులిపే కొట్టారు గానీ, మిరప ఘాటు దులిపితే పోతుందా?
తబలా అతను మూడుసార్లు తుమ్మాడు,
టేపు మూడుసార్లు వెనక్కి తిరిగింది.
పాడే ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే పాడింది.

సన్నాయికి ఆ గది చాల్లేదు.
మైకు తట్టుకోవట్లేదని
ఉద్దండు గారిని బయట మెట్ల మీద నిలబెట్టి
తలుపు బెత్తెడు తెరిచి ఉంచారు.
కింద కట్లు కట్టించుకునేవాళ్ల మూలుగులు,
పైన ఆంజనేయుడు,
నడుమ, పదకొండో మెట్టు మీద, ఆయన.
ప్రూఫు చూపిద్దామని వెళ్లి
తొమ్మిదో మెట్టు మీద నేను.

చరణానికి వచ్చేసరికి వరస తెగింది.
పల్లవి నుంచి అక్కడికి దారి దొరకలేదు.
వరస కట్టిన ఆయన హార్మోనియం మూసి
కాఫీ తాగొద్దాం పదండి అన్నాడు.
ఒరుసుకుంటూ మమ్మల్ని దాటి దిగిపోయారందరూ.
ఈయన కదల్లేదు.
పీక నాలికతో తడుపుకుని
ఎవరి కోసమూ కాకుండా, మెట్ల కోసం, ఓ మెలిక ఊదాడు.
పైకి పోబోయి, పోకుండా, నిషాదం దగ్గర కాస్త నిలబడి,
చెప్పులు విడిచి గడప దాటినంత తేలిగ్గా
చరణంలోకి దిగింది.

కాఫీ తాగొచ్చినవాళ్లు "అదేదో మళ్లీ ఊదు" అన్నారు.
ఊదబోతూ దగ్గాడు.
స్టూడియో అద్దె గంట నిండబోతోంది.
ఉంచేశారు.

ఇవాళ ఆ పాటలో మాటలు ఎవరికీ సరిగ్గా గుర్తులేవు.
లాలాపేటలో గాజులు తొడిగే ముసలాయన,
ఆటో పక్కకి తీసి టైరు విప్పే కుర్రాడు,
కూనిరాగం తీసేది ఆ మెలికే.

ఇక నా సంగతి.
అరండల్‌పేటలో ట్రెడిల్ మిషను నాది.
క్యాసెట్టు కార్డు నా చేత్తోనే పేర్చాను.
గాత్రం, రచన, సంగీతం, సమర్పణ,
సమర్పించినాయన తండ్రి జ్ఞాపకార్థం,
మిర్చి కమీషను కొట్టు ఫోను నంబరు.
తబలా పట్టింది. వయొలిన్ కూడా పట్టింది.
కాగితం అడుగున పెన్సిల్‌తో ఇంకో గీత:
సన్నాయి, నూర్‌బాషా ఉద్దండు, పెదనందిపాడు.
సమర్పించినాయన దాని మీద గోరు పెట్టి
"పడుతుందంటావా?" అన్నాడు.
అడిగింది చోటు గురించి కాదని నాకు తెలుసు.
నాకు తెలుసని ఆయనకీ తెలుసు.
"ద్ద అరిగిపోయిందండీ, సరిగా అచ్చుపడదు" అన్నాను.
అదే ద్దతో పైన
పెద్దలకు నమస్కారం పేర్చి ఉంది.

ఆ చోటు బోసిగా ఉంటుందని
సొరుగు వెతికి పద్మం బ్లాకు వేశాను.
ఎనిమిది రేకులు. కొలిచినట్టు పట్టింది.

నెల తర్వాత ప్రెస్సుకి వచ్చాడు.
బస్సు దుమ్ము, గుడ్డ సంచి.
ఓ కార్డు ఇమ్మన్నాడు, కూతురికి చూపించాలట.
విప్పాడు. వెనక్కి తిప్పాడు. మడత లోపల చూశాడు.
మళ్లీ మొదటి వైపు.
"పద్మం బాగుంది" అన్నాడు.
మంచినీళ్లిచ్చాను. తాగాడు. వెళ్లాడు.

సీసం అక్షరాలన్నీ కిలోల లెక్కన అమ్మేశాను.
పద్మం చెక్క మీదిది, కొనేవాడు వద్దన్నాడు.
వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా
కింద పెడుతుంటాం.

మొన్న మనవరాలు ఫోనులో ఆ పాట పెట్టుకుని
వెంట పాడుతోంది, మాటలన్నీ తప్పు.
రెండో చరణం ముందర ఆగి,
నోరు పక్కకి తిప్పి,
బుద్ధిగా దగ్గింది.

అది పాటలోది కాదే, అనబోయాను.