నాలుగో మర

రాజధాని నించి వచ్చిన అయ్యా,
మీ కాగితంలో రెండే గళ్ళున్నాయి.
రానివ్వాలి. రానివ్వకూడదు.
నా పేరు బాసిలియా చల్యాపా.
లామాలు ముప్ఫై ఒకటి, రాళ్ళ మధ్య కాస్త కినోవా చేను.
నేను ఏ గడిలో పడతానో నాకే తెలీదు.

మా ఎత్తులో చెట్టు మొలవదు.
మా అమ్మ గుడిసె ద్వారబంధం
లోయలోంచి గాడిద వీపు మీద
మూడు రోజులు ఎక్కొచ్చిన కర్ర.
జూన్‌లో ఒక రాత్రి ఎవరో దాన్ని పీకి మంటేసుకున్నారు.
నేను వెళ్ళేసరికి బూడిద ఇంకా వెచ్చగానే ఉంది.
తిట్టాను, నోటికొచ్చినట్టు, ఐమారాలో,
ఆ భాష వాళ్ళకు రాదని తెలిసే.

అప్పుడు చూశాను
పొయ్యి రాయి మీద
బొటనవేలంత మేజోడు,
ఆరేసి మరిచిపోయింది.

ఆ రాత్రి మా బకెట్లో నీళ్ళు అడుగుదాకా గడ్డకట్టాయి.
ఆ కర్ర కాలకపోతే ఆ పాదం ఏమయ్యేదో
ఈనిన లామాల దగ్గర రాత్రులు కూర్చున్నదాన్ని, నాకు తెలుసు.

అయినా కర్ర కర్రే.
దాని ఖరీదు ఎవరిస్తారు?

నర్సు మంగళవారం వస్తుంది. ఆక్సిజన్ సిలిండరు ఒకటి.
మొన్న దాన్ని వెనెజులా పిల్లాడికి పెట్టారు.
మా ఫెర్మీను బయట బెంచీ మీద దగ్గుతూ కూర్చున్నాడు.
ఊరంతా పిల్లాడి వాళ్ళమ్మని కొరకొరా చూసింది.
నేనూ చూశాను, దాచను.
ఒక్కటే పంపినవాడు మాత్రం
ఎవరి కంటా పడలేదు.

మీరు తవ్వించిన కందకంలో
ఇప్పటిదాకా పడ్డది నా లామా.
కాలు విరిగింది.
కందకం అవతల మీకు బొలీవియా.
నాకు ఆదివారం సంత, మా చెల్లెలు.

రాసుకోండి, మీ గళ్ళ పక్కన ఖాళీ ఉందిగా:
పగటిపూట ఒక కిటికీ తెరవండి,
దాని వెనక ముద్ర వేసే మనిషి.
వెచ్చని షెడ్డు ఒకటి. కిందికి ఒక బస్సు.
ఇంకో సిలిండరు.
పగలు దారి దొరికినవాడు
రాత్రి నా తలుపు తొయ్యడు.

గడియ కొన్నాను, నా జన్మలో మొదటిది.
దానికి నాలుగు చిల్లులు.
మూడు మరలు బిగించాను.
నాలుగోది ఇదిగో, ఏప్రన్ జేబులో,
ఆ మేజోడుతో పాటు తిరుగుతోంది.

ఎప్పుడు బిగించాలో మిమ్మల్ని అడగను.
ఎందుకు కొనాల్సొచ్చిందో
అది రాసుకున్నారా?