సున్నా తూకం

రాత్రి పదకొండు. చిత్తూరు బయట
గుజ్జు ఫ్యాక్టరీ గేటు పక్కన వేబ్రిడ్జి గది.
బయట ముప్పై ఏడు తోతాపురి లారీలు,
లోపల నేనూ, మెడ విరిగిన టేబుల్ ఫ్యానూ,
ఎనిమిదోసారి పడిపోయిన బిల్డూ.

పాత కంప్యూటరు మొన్నటి పిడుక్కి పోయింది.
కొత్తదానికి తూకం ప్రోగ్రామును ప్యాకేజీ చేసివ్వాలి.
"మూట కట్టడమే కదమ్మా" అన్నాడు మేనేజరు.
మూట కట్టడమే.
ముడి ఎక్కడ జారుతోందో తెలియదు, అంతే.

చివరి లైను ఎర్రర్ రెండు అంటుంది.
అది మేస్త్రీ మాట.
కింద ఎవడో కూలీ చేతులెత్తేశాడంటాడు,
ఎవడో చెప్పడు, ఎందుకో చెప్పడు.
అందుకే పైకి పోతాను,
ఎండిన నీవా ఇసకలో ఎగువకి నడిచినట్టు
నాలుగు వందల లైన్లు,
మొదటి తడి కాలికి తగిలేదాకా.

తగిలింది. పద్నాలుగో లైను.
ట్యాబ్ ఉండాల్సిన చోట ఎనిమిది ఖాళీలు.
కంటికి రెండూ ఒకటే తెలుపు.
దానికి మాత్రం పిలవాల్సిన తీరున పిలవలేదని కోపం,
విస్తరి ముందు కూర్చోనని
చెప్పుల దగ్గరే నిలబడ్డ పెదమామలాగా.
దిద్దాను. కూర్చుంది.

తర్వాత, మార్పుల చిట్టాలో నేను మంగళవారమని రాసిన తేదీ
నిజానికి బుధవారమట.
గొణిగింది గానీ ఆగలేదు.

కిటికీలోంచి డ్రైవర్ నాగూర్ బాషా:
"ఏమ్మా, కాలేదా ఇంకా?
కాయ మెత్తబడతా వుండాది."
వాసన నాకూ తెలుస్తోంది, అన్నా.

ఇక మిగిలింది అసలుది.
నా ల్యాప్‌టాప్‌లో కడితే కడుతుంది,
ఖాళీ గదిలో కడితే కాదంటుంది.
ఖాళీ గదంటే
గోడలూ ఒక కంపైలరూ, అంతకుమించి ఏమీ ఉండదు.
చీటీలో రాసిందే లోపలికి వస్తుంది.
రాయనిది ఈ లోకంలో లేదు.

సీరియల్ పోర్టు హెడర్ ఫైలు లేదట.
మూడేళ్ళ కిందట, వానపడే ఒక సాయంత్రం,
నా చేత్తోనే పెట్టుకుని మరిచిపోయాను.
అప్పట్నించీ నా మిషను
అడక్కుండానే అందిస్తోంది, ఇంట్లో ఉప్పులాగా.
చీటీలో ఉప్పు రాయలేదు.

పేరు చేర్చి, మళ్ళీ మొదలుపెట్టి,
లైన్లు కారుతుంటే ఊరికే చూస్తూ కూర్చున్నప్పుడు
చెంగల్రాయులు గుర్తొచ్చాడు.

కాటా గుమాస్తా. తెల్లారకముందే
మొదటి లారీ కంటే ముందు వచ్చి
ప్లాట్‌ఫారం మీది బురద ఊడ్చి,
సందుల్లో ఇరుక్కున్న కంకర ఇనపకమ్మీతో పెకిలించి,
బోర్డు మీద సున్నా చూసి బీడీ ముట్టించేవాడు.
నా ప్రోగ్రాము ఆ సున్నా నుంచే మొదలవుతుంది.
ఆ సున్నా ఎవరు చేస్తారో
నేనెక్కడా రాయలేదు.

ఫిబ్రవరిలో కొత్త కాంట్రాక్టరు వచ్చి ఆయన్ని మాన్పించాడు.
మార్చి నుంచి ఖాళీ కాటా నలభై కిలోలు చూపిస్తోంది.
రైతులు గొడవపడితే
నలభై తీసెయ్యమని కోడ్‌లో ఒక లైను రాసి
నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఒకటీ నలభైకి బిల్డ్ పూర్తయింది.
పూర్తయిన బిల్డుని ఆపి,
ఆ లైను కొట్టేసి, మళ్ళీ కట్టాను.
లారీల్లోంచి ఎవరో తిట్టారు, వినబడేట్టే.

తలుపు వెనక కమ్మీ ఇంకా ఉంది, తుప్పు పట్టి.
బాషా టార్చి పట్టాడు.
కంకర, ఎండిన బురద, మామిడి టెంకలు,
ఒక చిన్నపిల్ల చెప్పు.
"నీ చదువేంది, ఈ పనేంది?" అన్నాడు.
బోర్డు నలభై నుంచి పన్నెండుకి,
పన్నెండు నుంచి మూడుకి దిగి
అక్కడే మొండికేసింది.
ఇంకో రాయెక్కడో ఉంది.

ప్యాకేజీలో ఒక హెచ్చరిక కూడా మిగిలింది:
వాడుక పుస్తకం లేదు.
రాయాలి.
ముందు చెంగల్రాయులు ఇల్లెక్కడో
గేటు దగ్గర అడగాలి.