ఓల్డ్

సాల్మియా, మూడో అంతస్తు. మధ్యాహ్నం.
దానా అట్టముక్కలు పరిచి
నాకు ఇంగ్లీషు నేర్పుతోంది.
చిల్లు పడిన బూటు బొమ్మ చూపి, ఓల్డ్, అంది.
గడ్డం తాత బొమ్మ చూపి, ఓల్డ్, అంది.
రెండిటికీ ఒకటే మాటా, అన్నాను
వచ్చీరాని అరబీలో.
ఒకటే, అంది ఏడేళ్ళ పంతులమ్మ.

మా చిట్వేలిలో అట్లా కాదే తల్లీ.
చీరయితే పాతది, మనిషయితే ముసలి,
టెంకాయయితే ముదురు.
బాకీ మాత్రం ఎప్పటికీ పాతదే,
దానికి ముసలితనం రాదు, చావు రాదు.
మా అవ్వను పట్టుకుని పాత అవ్వ అని చూడు,
చేతిలో రోకలి నీ నెత్తిన ఉంటుంది.
తొంభై దాటినాక ఆమెను పండు ముసలి అనిరి.
పండు అంటే,
ఇంకా తీపి ఉందని.

నిన్న మామా అలమారా సర్దుతా
ఒక గౌను నా మీదికి విసిరింది.
ఓల్డ్, నువ్వు తీసుకో.
ధర చీటీ ఇంకా మెడకే వేలాడుతోంది.
నా ఆరు నెలల జీతం దాని మీద రాసి ఉంది.
విసుగు పుడితే చాలు, కొత్తది కూడా ఓల్డే.

పెద్ద మామా అయితే ఆ మాటను
పంచదార బిళ్ళలా చప్పరిస్తుంది.
ఓల్డ్ హౌస్, అంటుంది కిటికీ వైపు చూసి.
అక్కడ ఉండేది మట్టిల్లు,
వాకిట్లోకి సముద్రం వాసన.
ఇప్పుడు అక్కడ కార్లు కడిగే చోటు.

దానా తమ్ముడు పుట్టిన మూడో రోజు
క్లినిక్కుకు నేనూ పోయినా.
హౌ ఓల్డ్, అంది నర్సు.
త్రీ డేస్ ఓల్డ్, అంది మామా.
ఉలిక్కిపడినా.
బొడ్డు రాలలేదు, ఎండ చూడలేదు,
పాలు తాగను ఇంకా నేర్చుకుంటా ఉన్నాడు,
అప్పుడే ఓల్డ్ ఎట్లయినాడమ్మా వీడు?

నవ్వుకుంటా ఉంటే నర్సు నా వైపు తిరిగింది.
మరి నువ్వు?
ఇరవై ఆరు, అని నోటిదాకా వచ్చింది,
మింగినా.
ముప్పై నాలుగు, అన్నాను.

ముప్పై నిండనిదే ఆడమనిషిని పంపరంట.
రాజంపేట ఏజెంటు ఓబుళయ్య
కళ్ళద్దాలు తుడుచుకుని
ఒక్క గీతతో ఎనిమిదేళ్ళు ఇచ్చినాడు నాకు.
ఊరికే ఇవ్వలేదు, దానికీ రేటు కట్టినాడు.
ఆ ఎనిమిదేళ్ళలో నేను ఏ చేన్లో కలుపు తీసినానో
ఎవరితో కొట్లాడినానో
ఎన్ని గాజులు పగలగొట్టుకున్నానో
అడిగితే ఏం చెప్పాలి?

పాసుపోర్టు మామా బీరువాలో ఉంది.
అందులో ఒక ఆడమనిషి ఉంది,
నా పేరుతో, నా ముక్కుపుడకతో,
నాకంటే ఎనిమిదేళ్ళు ముందు నడుస్తా.
ఎంత పరుగెత్తినా అందదు.
పడుకున్నా అందదు.
ఆమెకు మోకాళ్ళ నొప్పులు మొదలయినట్టున్నాయి.

లిఫ్టు చెడిపోయినప్పుడు
నీళ్ళ క్యాన్లు మోసుకుని మెట్లెక్కుతా ఉంటే
నాకు తెలుస్తా ఉంది.