మొదటి గడి

బ్రున్స్‌బ్యూటెల్ లాకుల దగ్గర, కాలువ కచేరీలో
నా బల్లకు ఎదురుబల్ల హార్క్ లోరెన్‌సెన్‌ది.
యాభై ఏడో సంవత్సరం. నాకు పంతొమ్మిదేళ్లు.
ఓడ పేరు, జెండా, బయల్దేరిన రేవు, టన్నులు:
నాలుగు గడులు నింపడం ఆయనే నేర్పాడు.
"టన్నులను బట్టే సుంకం, గేస్కె. సున్నా జారితే మన జీతంలో కోత."
పేరు మాత్రం రెండుసార్లు అడిగేవాడు,
అక్షరం అక్షరం చెప్పించుకునేవాడు,
అవతలి నావికులు విసుక్కునేదాకా.

యుద్ధంలో జలాంతర్గామి కెప్టెనని ఊరందరికీ తెలుసు.
ఎవరూ ఎత్తరు ఆ మాట.
రొట్టెల కొట్టులో మాత్రం ఫ్రౌ బ్రొడెర్సెన్
ఆయన లోపలికి రాగానే
వరస వదిలేసి, చిల్లర బల్లమీదే వదిలేసి వెళ్లిపోయేది.

నవంబరులో ఒక రాత్రి పొగమంచు దిగింది.
ఎల్బె కనబడదు. లాకు దీపాలు పాలలో పసుపు చుక్కలు.
ఓడలన్నీ లంగరేసుకుని ఒకదాన్ని చూసి ఒకటి కూస్తున్నాయి.
రాయడానికేమీ లేదు.
థర్మాస్ మూతలో కాఫీ పోసి నా వైపు జరిపాడు.
నేను అడగలేదు. ఆయనే మొదలుపెట్టాడు,
రొట్టె దగ్గర.

మూడో వారానికి రొట్టెకు బూజు పట్టేదట, తెల్లగా, బొచ్చుగా,
కుందేలు పిల్లలా. చెవులు పట్టుకుని తెండ్రా అనేవాళ్లట కుర్రాళ్లు.
నలభై నాలుగు మంది. రెండు మరుగుదొడ్లు,
ఒకదాన్నిండా బంగాళదుంపలు.
స్నానం లేదు. డీజిలు, చెమట, నిమ్మవాసన అత్తరు.
పైవాళ్లు విసిరే పీపాలు దగ్గరపడితే
బల్బులు పగిలేవి, దుంపలు దొర్లేవి,
దగ్గు వచ్చినవాడు దుప్పటి కరుచుకునేవాడు.
"అప్పుడు లెక్కపెట్టేవాణ్ని," అన్నాడు. "పేలుళ్లు కాదు, టన్నులు.
ఇంకా ఎన్ని ముంచితే నా మెడలో పతకం పడుతుందని."
ఆ మాటకు గొంతేమీ మారలేదు,
అందుకే నమ్మాను.

నలభై ఒకటి అక్టోబరు. ఐస్లాండ్‌కు దక్షిణాన.
ఒక్క టార్పెడో. ఓడ నడుం విరిగి
పద్దెనిమిది నిమిషాల్లో మునిగింది.
చీకట్లో పేరు చదవలేకపోయాడు.
పేరు లేకపోతే పద్దు పూర్తి కాదు.
పైకి తేలి, తెప్ప పక్కకు పోనిచ్చి,
బాకా నోట పెట్టి ఇంగ్లీషులో అరిచాడు: "ఏ ఓడ?"
తెప్పలో ఆరుగురు. చమురుతో నల్లబడ్డ ముఖాలు.
ఐదుగురు చూస్తూ ఊరుకున్నారు.
ఆరోవాడు లేచి నిలబడ్డాడు:
"ఎలిడిర్!"
మళ్లీ అడిగాడు. మళ్లీ అదే, ఇంకా గట్టిగా.
మర్యాదస్తుడు, అనుకున్నాడు, రెండుసార్లు చెప్పాడు.
నేల ఎటుందో చేత్తో చూపి, ఒక రొట్టె విసిరి,
కిందికి దిగి పుస్తకంలో రాసుకున్నాడు:
ఎలిడిర్, బ్రిటిష్, ఐదు వేల టన్నులు.

లోరియాఁ రేవు చేరేలోపు
వంటవాడు పాత దుప్పటి చింపి జెండా కుట్టాడు,
పెరిస్కోపు తాడుమీద నాలుగోది.
బ్యాండు. పూలు పట్టుకున్న నర్సులు.
వారానికి పైనుంచి కాగితం:
ఆ పేరుతో ఏ పట్టీలోనూ ఓడ లేదు.
టన్నులు మాత్రం మీ ఖాతాలో వేశాం.

ఇంకా రెండు యాత్రలు. తర్వాత కామెర్లు.
ఆయన ఆస్పత్రి మంచంమీద ఉండగా
పడవ మరో కెప్టెన్‌తో బయల్దేరింది.
రేడియో దగ్గర బ్రొడెర్సెన్ కుర్రాడు.
వాడు పంపిన ఆఖరి సందేశం గాలి దిక్కు గురించి.

"మరి ఆ పేరు?"

యుద్ధం ముగిశాక ఖైదీగా వేల్స్‌లో దుంపలు తవ్వాడట.
ఒక సాయంత్రం, చీకటి పడుతుంటే,
పక్క పొలం గట్టున ఒకామె కొడుకుని పిలిచింది,
అన్నానికి.
అదే పేరు. అదే రెండుసార్లు.
పార చేతిలో అలాగే నిలబడిపోతే
కాపలావాడు వచ్చి భుజం తట్టాడు.

"వాడు నాకు జవాబు చెప్పలేదు, గేస్కె.
నా వెనక నీళ్లలోకి పిలుస్తున్నాడు.
మధ్యలో నా పడవ అడ్డంగా ఉంది.
నేను ఇంజన్ కూడా ఆపలేదు."

కాఫీ చల్లారిపోయింది. తాగాను.

నాలుగింటికి మంచు పల్చబడింది.
మొదట కదిలింది ఫిన్లాండ్ కలప ఓడ.
ఆయన ఫోనెత్తి పేరు అడిగాడు. చెప్పారు.
మళ్లీ అడిగాడు.
నేను మిగతా మూడు గడులూ నింపి
మొదటిది ఆయన పెన్సిల్‌కు వదిలాను.