ఏడో నిమిషం

గుజ్జు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి
తోతాపురి వాసనతోనే వచ్చాడు చెంగల్రాయులు.
గోళ్ళ సందుల్లో పసుపు.
"కడుక్కోని రానా మేడమ్?"
వద్దు, ఉండనీ అన్నాను,
అది కూడా నేనే ఆలోచించినట్టు.

నా నాటకంలో ఒక కుర్చీ ఉంది.
దాంట్లో ఒక మనిషి.
ఏడు నిమిషాలు మాట లేదు.
ఢిల్లీ వర్క్‌షాపులో దొరికిన మౌనం అది.
రెండు రాత్రుల రైల్లో, ఒళ్ళో పెట్టుకుని,
గాజుబుడ్డీలా చిత్తూరు దాకా తెచ్చాను.

ఎండాకాలంలో ఇతను అర్జునుడు.
ద్రౌపదమ్మ తిరునాళ్ళలో తపసు మానెక్కుతాడు,
మెట్టుకో పద్యం పాడుకుంటూ.
పైనుంచి నిమ్మకాయలు విసిరితే
కింద కొంగులు చాపి ఆడవాళ్ళు.
మైకు పోయినా పక్కూరికి వినబడే గొంతు.
"దీన్ని యాడ పెట్టమంటారు?" అన్నాడు మొదటిరోజు,
గుడి బయట చెప్పులెక్కడ విడవాలని అడిగినట్టు.
మింగు, అన్నాను.

మింగాడు. నెలరోజులు.
మూడో నిమిషానికి మెడ నరం ఉబ్బేది.
నేను నోట్‌బుక్‌లో రాసుకునేదాన్ని:
బాగుంది, ఇంకా తగ్గించాలి.
డబ్బుల్లేక సెట్టు తీసేసి
దానికి శైలి అని పేరు పెట్టినదాన్ని,
నాకేం, ఎంతైనా తగ్గించగలను.

ప్రదర్శనకు పదకొండు మంది.
అందులో ఇద్దరు నా మేనకోడళ్ళు.
తలుపు దగ్గర ఊడ్చే కుప్పమ్మ,
ఎప్పుడైపోతుందా అని.
బయట బెంగళూరు రోడ్డు పొడుగునా
మామిడికాయల ట్రాక్టర్లు, హారన్లు.
నా గాజుబుడ్డీ మూడుచోట్ల బీటిచ్చింది.

ఆరు దాటాక
తలెత్తాడు.
నేల చూడాలని రాసి, కింద గీత కూడా గీశాను నేను.
మెల్లగా, మెట్టు మీద మెట్టు,
కళ్ళతో ఎక్కుతున్నాడు.
పెదవి కదల్లేదు.
పదకొండు తలలూ లేచాయి.
నాదీ లేచింది.
పైన ఫ్యాను.
రెండు రెక్కలకు దుమ్ము, మూడోది వంకర.

గుప్పిట విప్పాడు.

కుప్పమ్మ
చీపురు చంకలో ఇరికించి
కొంగు చాపింది.

ఏమీ పడలేదు.
పడదని లైట్లబ్బాయికి తెలుసు, నాకూ తెలుసు.
ఆమె మాత్రం కొంగుకు ముడేసి
రొంటిన దోపి
"ఇంగ చాలించండమ్మా, తొమ్మిదైంది," అంది,
"గేటుకు తాళమెయ్యాల."