ముప్పై కిలోలు

మక్తల్ల సేటు దుకాణం వడ్ల కాంటా మీద
నీ సూట్‌కేసు పెట్టి సూసినం, కుర్మన్నా.
ముప్పైరెండున్నర.

మామిడి తొక్కు డబ్బా ఉండనీ.
జీన్సు ప్యాంట్లు తియ్యి, ఆడ కంపెనీ బట్టలిస్తది.
నూలు బనీన్లు మాత్రం ఎన్నున్నా సాలవు.
జూన్‌ల ఆరేస్తే
పండ్లు తోముకునేలోపు ఎండుతయి.
తువ్వాల తడిపి నెత్తికి సుట్టుకో,
పల్లి చేన్ల సుట్టుకున్నట్టే.

ఉన్ని స్వెట్టర్ సూసి నవ్వుతున్నవ్.
నేనూ నవ్విన.
రియాద్‌ల జనవరి రాత్రి
పరంజి ఇనుము పట్టలేక
వేళ్లు కొంకర్లు వోయినయ్.
ఎడారంటే ఎండనే అన్నోళ్లు
ఆడ రాత్రి డ్యూటీ జేసినోళ్లు గాదు.

మార్చిల దుమ్ము లేస్తది.
మీ ఇంటామెను పాత చీర ముక్క అడుగు,
ఉతికి ఉతికి పలుచనైంది.
ముక్కుకు గట్టుకుంటే ఊపిరాడుతది.
ఇంకేమైతదో నేను జెప్ప.

మళ్ల కాంటా ఎక్కించినం.
ముప్పై ఒకటి.
నీ తాపీ తియ్యి కుర్మన్నా,
ఆడ కొత్తది ఇస్తరు.

నువ్వు పిడి మీద బొటనవేలు ఆనిచ్చి
ఆ గుంటను జరసేపు సూసినవ్.
తాపీని స్వెట్టర్‌ల సుట్టి లోపట వెట్టి
తొక్కు డబ్బా తీసి బల్ల మీద వెట్టినవ్.

సేటు మూత తీసి వాసన సూసిండు.